జబ్బు ఒక్కటే, ఖరీదు కులానికొకటి

మా విశ్వవిద్యాలయంలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి నెల రోజుల పాటు తరగతులకు రాలేదు. తిరిగి వచ్చాక కారణం అడిగితే, 'నాయనకు గుండెపోటు వచ్చింది సార్' అన్నాడు. వారిది పాలమూరు ప్రాంతంలోని మాదిగ కుటుంబం. తండ్రి మేస్త్రీల వెంట కూలికి పోతాడు. ఛాతీలో నొప్పి మొదలైతే ఊరి ఆర్‌ఎంపీ పట్టణంలో తనకు తెలిసిన ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపాడు. అక్కడ ఆరోగ్యశ్రీ ఉన్నదన్నారు కానీ, అనుమతి వచ్చేదాకా ఆగితే ప్రాణానికి పూచీ లేదన్నారు. ఆ మాట విన్న తర్వాత ఏ కుటుంబమైనా ఏం చేస్తుంది? నగదు కట్టారు. స్టెంటు, పరీక్షలు, మందులు, గది అద్దె, రానుపోను ఖర్చులు కలిపి రెండు లక్షలు దాటింది. వారికి ఎకరం భూమి ఉన్నది. అయితే అది ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికి వీలు లేదు. అందుకని నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు అప్పు తెచ్చారు. నెలకు ఆరు వేలు వడ్డీయే అవుతుంది. అసలు అలాగే ఉంటుంది.

అదే ఏడాది నా సహోద్యోగి ఒకరి తండ్రికి అదే జబ్బు చేసింది. వారి కుటుంబంలో ఇద్దరు డాక్టర్లున్నారు. ఒక్క ఫోనుతో ఏ ఆసుపత్రికి వెళ్లాలో, ఏ పరీక్ష అవసరమో, ఏది అనవసరమో తెలిసిపోయింది. బిల్లులో అధిక భాగం బీమా చెల్లించింది. వారం తర్వాత ఆయన ఇంటికి చేరారు. ఆ కుటుంబంలో ఎవరి చదువూ, ఎవరి పెళ్లీ ఆగలేదు.

రెండు కుటుంబాలకూ వచ్చిన జబ్బు ఒక్కటే. వేసిన స్టెంటూ బహుశా ఒకే రకానిది. కానీ చెల్లించిన ధర ఒక్కటి కాదు. వైద్యం ఎందుకింత ఖరీదైందన్న చర్చలో ఈ తేడా సాధారణంగా కనిపించదు. ఆధునిక యంత్రాలు, కొత్త మందులు, నిపుణుల జీతాలు, పెరుగుతున్న ఆయుర్దాయం అంటూ ఆర్థికవేత్తలు కారణాలు చెబుతారు. అవి అబద్ధాలు కావు. అయితే అవి అన్ని దేశాలకూ వర్తించే కారణాలు. ఒకే దేశంలో, ఒకే జిల్లాలో, ఒకే జబ్బుకు ఇంత తేడా ఎందుకుంటున్నదో అవి వివరించలేవు.

జాతీయ నమూనా సర్వే 75వ రౌండు ప్రకారం 2017-18లో ప్రభుత్వాసుపత్రిలో చేరిన రోగికి, ప్రసవాలు మినహాయిస్తే, సగటున 4,452 రూపాయలు ఖర్చయింది. ప్రైవేటు ఆసుపత్రిలో అదే సగటు 31,845 రూపాయలు. అంటే ఏడు రెట్లు. ఈ అంకెను కూలి లెక్కలోకి మార్చి చూడాలి. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. వంద రోజులూ పూర్తిగా పని దొరికినా 30,700. ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్కసారి చేరితే, అదీ 2017-18 నాటి సగటు ధరకు, 2025-26లో చట్టం హామీ ఇచ్చిన ఏడాది కూలి మొత్తం చాలదు.

అమెరికన్ ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే ఒక ముఖ్యమైన విషయం వివరించాడు. వైద్యం ఇతర సరుకుల వంటిది కాదు. తనకు ఏం కావాలో కొనేవాడికి తెలియదు. ఏం కొనాలో అమ్మేవాడే చెబుతాడు. బేరమాడే స్థితి ఉండదు, వాయిదా వేసే వీలూ ఉండదు. కాబట్టి వైద్యంలో మార్కెట్ నియమాలు పనిచేయవు, నమ్మకం ఒక్కటే ఆధారం. ఆరో చెప్పని మాట ఒకటున్నది, అది మన సమాజం చెబుతుంది. మన దగ్గర నమ్మకం, సమాచారం రెండూ కులం గుండానే ప్రవహిస్తాయి. 'మనవాడే డాక్టరు' అనే మాట కొన్ని కులాలకు తరతరాల ఆస్తి. అది లేని కుటుంబాలకు దారి చూపేది ఆర్‌ఎంపీ. ఆయనకు పెద్ద ఆసుపత్రుల నుంచి కమీషన్ అందడం బహిరంగ రహస్యం. తెలియనితనానికి కూడా ఒక ధర ఉన్నది. దాన్ని కడుతున్నది ప్రధానంగా దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాలవారు.

అయితే ఈ అసమానత తనంతట తాను ఈ స్థాయికి రాలేదు. కొన్ని నిర్ణయాలు దాన్ని పెంచి పోషించాయి. మొదటిది ప్రభుత్వ వైద్యాన్ని ఎండగట్టడం. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని 1946లోనే భోర్ కమిటీ సూచించింది. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక కర్తవ్యాలలో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్నది. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వ వ్యయాన్ని జీడీపీలో 2.5 శాతానికి చేరుస్తామని లక్ష్యం పెట్టుకున్నది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం అది చేరినది 1.84 శాతానికి, అదీ కోవిడ్ కాలపు ఖర్చుతో కలిపి. దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు సొంత జేబు నుంచి పెడుతున్నది 2013-14లో 64.2 శాతం ఉండగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని అదే లెక్క చెబుతున్నది. తగ్గడం మంచిదే. కానీ వైద్యానికి వెళ్లలేక ఇంట్లోనే ఉండిపోయినవారి బాధ ఈ లెక్కలోకి రాదు. నూటికి మూడు రూపాయల వడ్డీ కూడా రాదు.

రెండో నిర్ణయం వైద్యాన్ని అందించే ప్రభుత్వం వైద్యాన్ని కొనే ప్రభుత్వంగా మారడం. 2007 ఏప్రిల్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. దాని మేలును కాదనడం అన్యాయం. అంతవరకూ కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం తొక్కని పేదలకు గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు అందాయి. బహుజనులు ఆ పథకాన్ని తమదిగా భావించడానికి కారణం అదే. కానీ దాని నిర్మాణంలోనే లోపమున్నది. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరితేనే కార్డు పనిచేస్తుంది. బీపీ, షుగరు మాత్రలకూ, నెలనెలా ఓపీ పరీక్షలకూ అది పనికిరాదు. సామాన్యుల జేబు ఖర్చులో పెద్ద భాగం మాత్రం ఈ మందులకూ ఓపీకీ పోతున్నది. పైగా ప్యాకేజీ ఉన్న చికిత్సే అవసరమైన చికిత్సగా మారే ప్రమాదం తలెత్తింది. గ్రామీణ మహిళలకు చిన్న వయసులోనే గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు జరుగుతున్నాయన్న ఆందోళన ఉమ్మడి రాష్ట్రంలో వ్యక్తమైంది. తర్వాత ప్రభుత్వం కొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది.

ఇప్పుడు పరిమితులు పెరిగాయి. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీని పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్ ఇరవై ఐదు లక్షలకు పెంచాయి. అదే సమయంలో బకాయిలు చెల్లించడం లేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు రెండు రాష్ట్రాల్లోనూ సేవలు నిలిపివేస్తామని పదేపదే ప్రకటించాయి, నిలిపివేశాయి కూడా. ప్రభుత్వం డబ్బివ్వకపోతే ఆసుపత్రి తలుపు మూసేది పేదవాడి ముఖం మీదే. తలుపు తెరిపించడానికి ఆ డబ్బు ఇస్తే తన సొంత ఆసుపత్రులకు మిగిలేది తక్కువ. రాజ్యం తనను తాను ఇలా బందీ చేసుకున్నది. ఆరోగ్య బీమా వ్యక్తిగత పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఎత్తివేయడాన్ని గొప్ప ఊరటగా చెప్పారు. పాలసీ కొనగలిగిన వారికి అది ఊరటే. కొనలేని వారికి ఆ వార్తతో సంబంధం లేదు.

మూడో నిర్ణయం మందుల, పరికరాల ధరలను మార్కెట్‌కు వదలడం. ఈ విషయంలో హైదరాబాద్‌కు ప్రత్యేక చరిత్ర ఉన్నది. 1961లో సోవియట్ సహకారంతో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో కర్మాగారం పెట్టింది. నేడు ప్రపంచానికి మందులు ఎగుమతి చేస్తున్న హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు నిపుణులను, నైపుణ్యాన్ని ఇచ్చింది అదే. ప్రజల సొమ్ముతో పుట్టిన ఆ సంస్థ ఖాయిలా పడింది. దాని నీడలో ఎదిగిన ప్రైవేటు సంస్థలు వర్ధిల్లాయి. ధరల నియంత్రణ కిందనున్న ఔషధాలు 1979లో 347 ఉండగా 1987లో 142కు, 1995లో 74కు తగ్గాయి. 2013 ఉత్తర్వుతో అత్యవసర ఔషధాల జాబితా మొత్తం నియంత్రణలోకి వచ్చింది కానీ, లెక్కగట్టే పద్ధతే మారిపోయింది. అంతకుముందు తయారీ ఖర్చును బట్టి ధర కట్టేవారు. ఇప్పుడు మార్కెట్లో ఒక శాతం, ఆ పైన వాటా ఉన్న కంపెనీల ధరల సగటు తీసి, దానికి చిల్లర వర్తకుని లాభం 16 శాతం కలుపుతారు. అంటే కంపెనీలు నిర్ణయించుకున్న ధరకే ప్రభుత్వం ముద్ర వేస్తున్నది.

ప్రభుత్వం తలచుకుంటే ఏం చేయగలదో కూడా మనం చూశాం. 2017 ఫిబ్రవరిలో ఔషధ పూత కలిగిన స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించారు. అంతకుముందు అవే లక్ష రూపాయలు దాటి అమ్ముడయ్యేవి. మరుసటి ఏడాది జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను పరిశీలించింది. సిరంజిలు, ఇతర సామగ్రి వంటి వాటిపై లాభం 1,737 శాతం వరకు ఉన్నట్లు తేల్చింది. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం కోవిడ్ చికిత్సకు సాధారణ వార్డులో రోజుకు 4,000, ఐసీయూలో 7,500, వెంటిలేటర్‌తో 9,000 రూపాయలని ధరలు కట్టింది. చాలా ఆసుపత్రులు మందులు, పీపీఈ కిట్ల పేరుతో ఆ గీత దాటాయి. ధర నిర్ణయించే అధికారం రాజ్యానికి ఉన్నదని, దాన్ని అమలు చేసే సంకల్పమే లేదని ఈ ఉదంతాలు నిరూపించాయి.

నాలుగోది, అన్నిటికన్నా లోతైనది, వైద్య విద్యను సరుకుగా మార్చడం. ప్రైవేటు కళాశాలలో యాజమాన్య కోటా ఎంబీబీఎస్ సీటుకు ఏడాదికి పది లక్షలకు పైగా రుసుము కట్టాలి. పీజీకి అంతకు రెట్టింపు, ఆపైన. కోటి రూపాయలు పెట్టి డాక్టరైనవాడు ఆ కోటిని ఎవరి నుంచి రాబట్టుకుంటాడు? రోగి నుంచే. కన్వీనర్ కోటాలో రిజర్వేషన్లు ఉన్నాయి, యాజమాన్య కోటాలో లేవు. కాబట్టి సీటు కొనగలిగిన కులాల నుంచి డాక్టర్లు వస్తారు, కొనలేని కులాల నుంచి రోగులు వస్తారు. డబ్బు ఒక వైపు నుంచి మరో వైపుకే ప్రవహిస్తుంది. వ్యవసాయ మిగులుతో బలపడిన భూస్వామ్య కులాలు విద్య, సినిమా, వైద్య రంగాల్లో పెట్టుబడులు పెట్టిన తీరు తెలుగు నేల మీద అందరికీ తెలిసిందే. హైదరాబాద్ ప్రైవేటు వైద్యంపై రమా బారు వంటి పరిశోధకులు చేసిన అధ్యయనాలు ఈ సామాజిక మూలాల వైపు మన దృష్టిని మళ్లించాయి.

ఈ విషయంలో పార్టీల మధ్య తేడా జెండాలోనే ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన ఐదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కొన్ని సీట్లను సెల్ఫ్ ఫైనాన్స్ పేరిట లక్షల రుసుముకు కేటాయించింది గత ప్రభుత్వం. నిర్మాణంలో ఉన్న పది కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలోకి అప్పగించాలని 2025లో నిర్ణయించింది ప్రస్తుత ప్రభుత్వం. ఒకరు సీట్లు అమ్మితే మరొకరు కళాశాలలనే అప్పగిస్తున్నారు. తెలంగాణ జిల్లాకొక ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచింది. అది హర్షణీయమే. కానీ అధ్యాపకుల కొరతపై జాతీయ వైద్య కమిషన్ నోటీసులు పంపవలసిన స్థితిలో వాటిని నడుపుతున్నది. బోర్డు ఉండి బోధకుడు లేని కళాశాలలో చదివేది కూడా ఎక్కువగా బహుజనుల బిడ్డలే.

రిజర్వేషన్‌తో సీటు సాధించినవారి పరిస్థితీ గౌరవప్రదంగా లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులపై వివక్షను సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లోనే నమోదు చేసింది. ఆసుపత్రి లోపలికి వెళ్లి చూస్తే కులం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. శస్త్రచికిత్స గదిలో ఒక కులం, ఆ గది నేల తుడిచే చోట మరో కులం. ఆ నేల తుడిచేవారిలో ఎక్కువమంది కాంట్రాక్టరు కింద పనిచేసే మహిళలు. ఊరూరా తిరిగి గర్భిణుల లెక్క రాసే ఆశా కార్యకర్తను ప్రభుత్వం నేటికీ ఉద్యోగిగా గుర్తించలేదు. వైద్యం ఖరీదు పెరిగిందంటున్న చోట వీరి శ్రమ ఖరీదు మాత్రం పెరగలేదు.

ఈ అసమానతకు చివరి కొలత ఆయుష్షు. ఉత్తర, తూర్పు భారతంలోని తొమ్మిది రాష్ట్రాల వార్షిక ఆరోగ్య సర్వే వివరాలతో చేసిన ఒక అధ్యయనం 2022లో వెలువడింది. అగ్రకుల హిందువులతో పోలిస్తే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువని అది తేల్చింది. ఆర్థిక స్థితిని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా తొలగలేదు. పేదరికం ఒక్కటే కారణమైతే డబ్బు వస్తే సరిపోవాలి. సరిపోవడం లేదంటే కారణం డబ్బుకు ఆవల కూడా ఉన్నది.

దీనికి ప్రత్యామ్నాయం లేదా? పొరుగునే ఉన్నది. తమిళనాడు 1994లో ఔషధ కొనుగోలుకు ప్రత్యేక సంస్థ ఏర్పాటు చేసి, ప్రభుత్వాసుపత్రులన్నిటికీ జెనరిక్ మందులు ఉచితంగా చేరే వ్యవస్థను నిర్మించింది. గ్రామాల్లో పనిచేసే ప్రభుత్వ డాక్టర్లకు పీజీ సీట్లలో కోటా ఇచ్చింది. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి 2020 నుంచి ఎంబీబీఎస్‌లో 7.5 శాతం ప్రత్యేక కోటా కల్పించింది. అక్కడా కార్పొరేట్ ఆసుపత్రులున్నాయి, అక్కడా కులమున్నది. అయితే ఆత్మగౌరవ ఉద్యమ వారసత్వం వల్ల సామాజిక న్యాయం, ప్రజారోగ్యం ఒకే రాజకీయంలో భాగమయ్యాయి. మన దగ్గర ఆ రెండూ కలవలేదు.

ఇక్కడ పాలకులను మాత్రమే నిందించి ఊరుకుంటే నిజాయితీ కాదు. దళిత బహుజన ఉద్యమాలు కూడా ఆత్మపరిశీలన చేసుకోవాలి. వర్గీకరణ కోసం మూడు దశాబ్దాలు పోరాడాం, సాధించుకున్నాం. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం కోసం గొంతెత్తాం. తెలంగాణ కులసర్వే వెనుకబడిన కులాలు, దళితులు, ఆదివాసులు కలిపి జనాభాలో ఎనభై శాతానికి పైగా ఉన్నారని లెక్క తేల్చింది. ఇవన్నీ న్యాయమైనవే. కానీ ఆసుపత్రి బిల్లు మీద మనం ఒక్క పెద్ద ఉద్యమమైనా చేశామా? సీటులో వాటా అడిగాం, మంచంలో వాటా అడగలేదు. అంబేడ్కర్ 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు' పత్రంలో బీమా రంగం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోనే ఉండాలని ప్రతిపాదించాడు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యునిగా ఆయన ఉన్న కాలంలోనే, కార్మికుల ఆరోగ్య బీమాకు, నేటి ఈఎస్‌ఐకి దారి వేసిన కసరత్తు జరిగింది. రక్షణ హక్కుగా రావాలే తప్ప దయగా కాదన్నది ఆ ఆలోచనకు మూలం. ఆయన విగ్రహాలు ప్రతిష్ఠించుకున్నంత శ్రద్ధగా ఆ ఆలోచనను చేపట్టలేదు.

కనుక కొన్ని డిమాండ్లు సూటిగా ఉండాలి. ఆరోగ్యశ్రీ, వైద్యసేవ చెల్లింపుల వివరాలను కులాలవారీగా, జిల్లాలవారీగా ప్రతి ఏటా ప్రకటించాలి. ఏ కులం రోగి ఏ ఆసుపత్రికి వెళ్తున్నాడో, ఎక్కడ తిరస్కారం ఎదురవుతున్నదో అప్పుడే తెలుస్తుంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీర్ఘకాలిక జబ్బుల మందులు ఉచితంగా, నిరంతరాయంగా దొరకాలి. ఆసుపత్రుల ధరలను ప్రదర్శించాలన్న, నియంత్రించాలన్న చట్టాలను కాగితం నుంచి కౌంటరు దగ్గరికి తేవాలి. ప్రజల భూమిలో, ప్రజల డబ్బుతో కట్టిన కళాశాలలో సీటు అమ్మడం ఆగాలి. యాజమాన్య కోటాకూ రిజర్వేషన్ వర్తింపజేయాలి. ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్లకు వీలు కల్పిస్తూ 93వ రాజ్యాంగ సవరణ వచ్చి సుమారు రెండు దశాబ్దాలైంది. ఇందులో అసాధ్యమైనది ఏదీ లేదు. తమకు జబ్బు చేస్తే ప్రజాధనంతో కార్పొరేట్ వైద్యం పొందే ప్రజాప్రతినిధులకు, ఉన్నతాధికారులకు ఇది అత్యవసరంగా తోచదు. తోచేలా చేయవలసింది ఉద్యమాలే.

ఆ విద్యార్థి గురించి చెప్పి ముగిస్తాను. తరగతిలో ముందు వరుసలో ఉండేవాడు. పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేశాడు, కానీ పరీక్ష రాయలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. నెలకు ఆరు వేలు ఊరికి పంపాలి. తండ్రి బతికాడు, అందుకు కుటుంబం ఆసుపత్రికి కృతజ్ఞతతోనే ఉన్నది. వారి వంశంలో విశ్వవిద్యాలయం మెట్లెక్కిన మొదటి మనిషి అతడు. మూడు తరాల పోరాటం, రాజ్యాంగం, రిజర్వేషన్ కలిసి అతణ్ణి ఇక్కడిదాకా తెచ్చాయి. ఒక్క ఆసుపత్రి బిల్లు అతణ్ణి వెనక్కి పంపింది. వైద్యం ఎంత ఖరీదైనదో లెక్కవేసేవారు ఈ ఖర్చును కూడా అందులో కలపాలి.